పాపియాన్, జాపనీస్ చిన్, కోటాన్: అమ్మకు తోడుగా ఏ కుక్క మేలు?

నాన్న పోయాక అమ్మ అనంతపురం ఇల్లు అద్దెకిచ్చి బెంగళూరు మారతహళ్ళిలో మా దగ్గరికి వచ్చేసింది. మేమిద్దరం ఉదయం తొమ్మిదికి ఆఫీసుకు బయల్దేరితే మళ్ళీ ఇల్లు చేరేది రాత్రి ఏడుకు. ఆ పది గంటలూ మూడో అంతస్తు ఫ్లాట్‌లో అమ్మ ఒక్కతే. "ఒక చిన్న కుక్కపిల్లను తెచ్చుకుందామే" అని తనే అంది. మా ఊళ్ళో వాకిట్లో ఎప్పుడూ ఏదో ఒక కుక్క ఉండేది, అందుకని అమ్మకు కుక్కలు కొత్త కాదు. కొత్తగా వచ్చింది మోకాళ్ళ నొప్పి. ఐదు కిలోలు దాటితే ఎత్తలేదు, గట్టిగా లాగే కుక్క వెంట నడవలేదు.

జాతి అరుదుగా ఉండాలని మేం వెతకలేదు. ఒక ఆదివారం పొద్దున కబ్బన్ పార్కులో ఒక పెద్దాయన ఒళ్ళో జాపనీస్ చిన్ అనే చిన్న జాతి కుక్కను చూశాం. చుట్టూ కుక్కలు గోల చేస్తున్నా అది తల కూడా తిప్పలేదు. అమ్మ వెళ్ళి ఆ బెంచీ మీదే కూర్చుండిపోయింది. ఆ రోజు నుంచి నాలుగు నెలలుగా చదువుతున్నాను, ఇద్దరు వెట్‌లను అడిగాను, పెంచుతున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాను. చివరికి మూడు జాతులు మిగిలాయి.

పాపియాన్ గురించి నాకు స్వయంగా తెలుసు. పై అంతస్తు వాళ్ళు ఊరెళ్ళినప్పుడు వాళ్ళ పాపియాన్ పది రోజులు మా ఇంట్లో ఉంది. ఫ్రెంచిలో ఆ మాటకు సీతాకోకచిలుక అని అర్థం. చెవులు రెండు రెక్కల్లా విచ్చుకుని ఉంటాయి. చెవులు కిందికి వాలిన రకం కూడా ఉంది, దాన్ని ఫలేన్ అంటారు, అదీ దీపం చుట్టూ తిరిగే పురుగు పేరే. రెండు నుంచి నాలుగున్నర కిలోల బరువు. చలికి పెరిగే లోపలి జుట్టు ఉండదు, మూతి సన్నగా పొడవుగా ఉంటుంది, కాబట్టి మూతి చప్పిడిగా ఉండే కుక్కల కంటే ఎండను బాగా తట్టుకుంటుంది. బాగా చూసుకుంటే పద్నాలుగు పదిహేనేళ్ళు బతుకుతుంది.

తెలివి సంగతి చెప్పక్కర్లేదు. మాట వినడంలో, పని నేర్చుకోవడంలో స్టాన్లీ కోరెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1994లో ఇచ్చిన వరుసలో పాపియాన్‌ది ఎనిమిదో స్థానం. అమ్మ మందుల డబ్బా మూత తీస్తే ఆ తర్వాత బిస్కెట్ వస్తుందని మా అతిథి రెండో రోజే పట్టేసింది. కానీ ఆ తెలివికి రోజంతా పని కావాలి. లిఫ్ట్ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మొరిగేది. సోఫా మీద నుంచి దూకుతుంటే మా అందరికీ టెన్షన్, ఎందుకంటే దాని ముందుకాళ్ళ ఎముకలు పుల్లల్లా ఉంటాయి, చేతుల్లోంచి దూకినా విరగొచ్చు. అన్నిటికంటే నన్ను భయపెట్టింది వేరే. ఆరో రోజు వంటింట్లో అమ్మ వెనక్కి అడుగు వేసేసరికి అది కాళ్ళ మధ్యకు దూరింది. అమ్మ గట్టు పట్టుకుని నిలదొక్కుకుంది. ఆమె పడినా, దాని మీద పడినా ఎవరో ఒకరు ఆసుపత్రి పాలయ్యేవారు.

ఇప్పుడు చిన్. చదివిన కొద్దీ నాకు దీని మీద ఇష్టం పెరిగింది. జపాన్‌లో రాజవంశీయుల, ప్రభువుల ఇళ్ళలో ఒడికోసమే పెరిగిన కుక్క ఇది. వేటకో కాపలాకో కాదు. 1853లో మాథ్యూ పెర్రీ అమెరికా నౌకలతో జపాన్ చేరాకే పడమటి దేశాలకు దీని గురించి బాగా తెలిసింది. 1888లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీన్ని జాపనీస్ స్పానియల్ పేరుతో నమోదు చేసుకుంది, ఇప్పటి పేరు పెట్టింది 1977లో. మూడు నాలుగు కిలోలు ఉంటుంది. నడవడిక చాలావరకు పిల్లిది. ముందుకాలితో మొహం తుడుచుకుంటుంది, సోఫా వీపు మీదికెక్కి అక్కడి నుంచి ఇల్లంతా చూస్తుంది. సంతోషం వస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. మొరగడం తక్కువ. పట్టులాంటి పొడవాటి జుట్టు చూస్తే చాకిరీ ఎక్కువనిపిస్తుంది గానీ అంత తొందరగా ఉండలు కట్టదు, వారానికి రెండుసార్లు దువ్వితే సరిపోతుంది.

చిక్కంతా మూతితోనే. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పుతూ నాలుక మీద, ముక్కు లోపల ఉన్న తడిని ఆవిరి చేసి ఒంటి వేడి తగ్గించుకుంటుంది. మూతి చప్పిడిగా ఉంటే గాలి ఆడే దారి ఇరుకు, ఆవిరయ్యే చోటూ తక్కువ. గాలిలో తేమ పెరిగితే ఆ కాస్త ఆవిరి కావడం కూడా మందగిస్తుంది. అందుకే చెన్నైలో ఉన్న మా పిన్నికి చిన్ వద్దని గట్టిగా చెప్పాను. పగలంతా ఏసీ వేయగలిగితే తప్ప మే నెల అక్కడ దానికి నరకమే. బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి కొంత మేలు. కొంతే. 2016 ఏప్రిల్‌లో ఈ ఊళ్ళోనే 39.2 డిగ్రీలు నమోదైంది. ఆ నెలల్లో ఉదయం ఏడులోపు, రాత్రి ఎనిమిది తర్వాత మాత్రమే బయటికి తీసుకెళ్ళాలి. మెడపట్టీ కాకుండా ఛాతీకి హార్నెస్ కట్టాలి. బయటికి ఉబికిన కళ్ళకు గీతలు పడతాయి, రోజూ చూడాలి. వయసు పైబడితే గుండె కవాటం సమస్య రావచ్చు. ఆయుష్షు కూడా పాపియాన్ కంటే తక్కువ, పది పన్నెండేళ్ళు.

కోటాన్ డి తులియార్ పేరులోనే దూది ఉంది. మడగాస్కర్‌లోని తులియార్ రేవు పట్నం దీని పుట్టినిల్లు. 1970లో అంతర్జాతీయ కుక్కల సమాఖ్య గుర్తింపు ఇచ్చింది. పుట్టినప్పుడు ఒంటి మీద ఉండే మచ్చలు పెరిగేకొద్దీ వెలిసిపోయి చాలావరకు తెల్లగా అవుతుంది. నాలుగు నుంచి ఆరు కిలోలు. మనిషిని చూస్తే చాలు, వెనక కాళ్ళ మీద లేచి నడిచేంత సంబరం. ఈ మూడింటిలో ఒంటి కట్టు గట్టిదీ, అందరితో కలిసిపోయేదీ ఇదే. జుట్టు ఇంట్లో పెద్దగా రాలదు. అయితే రాలాల్సిన జుట్టు అక్కడే చిక్కుకుని ఉండలు కడుతుంది. ముఖ్యంగా ఏడాది వయసు అటూ ఇటూ చిన్నప్పటి జుట్టు మారే కొన్ని నెలలు రోజూ దువ్వాల్సిందే, అదీ నీళ్ళు చిలకరించి. చిక్కు తియ్యకుండా స్నానం చేయిస్తే ముడి బిగుసుకుంటుంది. వానాకాలంలో పిడుదులు పడితే ఆ దూదిలో కనపడవు. పిడుదుల జ్వరం ఈ ఊళ్ళో కుక్కలున్న ఇళ్ళన్నిటికీ తెలిసిన బాధే. బయటికెళ్ళి వచ్చిన ప్రతిసారీ చెవుల వెనక, కాలివేళ్ళ సందుల్లో తడిమి చూడాలి.

"జుట్టు దువ్వడం నాకేం కష్టం? మీ అక్కచెల్లెళ్ళ ముగ్గురికీ జడలు వేసిన చేతులివి" అంది అమ్మ. నిజమే. సీరియల్ చూస్తూ దువ్వుతూ కూర్చోవడం అమ్మకు కాలక్షేపం కూడా. ఒక్క జుట్టు సంగతే అయితే కోటాన్‌కే ఓటు వేసేదాన్ని. కానీ ఆరు కిలోలకు పెరిగితే అమ్మ ఎత్తలేదు. పైగా మన దేశంలో సరైన కోటాన్ దొరకడం చాలా కష్టం. అమ్మకానికి, ఈనించడానికి విదేశీ కుక్కలను తెప్పించడాన్ని 2016లో కేంద్రం కట్టడి చేసింది. తెల్లగా బొచ్చుగా ఉన్న ఏ పిల్లనైనా కోటాన్ అని చెప్పి అమ్మేవాళ్ళున్నారు.

అరుదైన జాతి అంటే నిజంగా కష్టం ఇక్కడే. ఉన్న కొద్ది కుక్కల్లోనే జత కట్టిస్తుంటే లోపాలు తరం తరానికీ దిగుతాయి. చిన్ జాతిలో జీఎం2 అనే నరాల జబ్బు ఉంది. తల్లీతండ్రీ ఇద్దరూ ఆ లోపం మోస్తుంటే పిల్లలకు జబ్బు రావచ్చు. ఇద్దరిలో ఒక్కరిలో లోపం లేకపోయినా పిల్లకు ఆ జబ్బు రాదు. డీఎన్ఏ పరీక్షలో తేలిపోతుంది. మోకాలి చిప్ప జారడం ఇలాంటి చిన్న జాతులన్నిటిలో చూస్తాం, అది వెట్ చేత్తో పట్టి చూసి చెప్పగలరు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం వంశం ఏదో చెబుతుంది, ఆరోగ్యం గురించి కాదు. కాగితం మీది మైక్రోచిప్ (కుక్క చర్మం కింద పెట్టే చిప్) నంబరు, స్కానర్‌లో వచ్చే నంబరు ఒకటేనా అని కూడా చూడాలి. కుక్కల పెంపకం, అమ్మకాలకు సంబంధించిన 2017 నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

ఒక బ్రీడర్ ఫోన్‌లో అందమైన ఫొటోలు పంపి సగం డబ్బు అడిగాడు. తల్లి కుక్కను చూస్తామంటే "మేడమ్, అది ఇంకో ఊళ్ళో ఉంది" అన్నాడు. వీడియో కాల్‌కూ ఒప్పుకోలేదు. అక్కడితో వదిలేశాం. తల్లిని చూపించని చోట పిల్లను కొనకండి, ఎంత ముద్దుగా ఉన్నా సరే.

రోజూ గంట నడిపించి ఆడించే ఓపిక, కాస్త పెద్ద పిల్లలు ఉన్న ఇంటికి పాపియాన్ మంచిది. ఎండ మండే చెన్నైలో అయినా, నెల్లూరులో అయినా నా మాట ఇదే. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండి, చేతుల్లో సత్తువ ఉంటే, నమ్మకంగా దొరికితే కోటాన్ తెచ్చుకోండి. బరువు అడ్డు కాకపోతే షెల్టర్‌లో ఉన్న నెమ్మదైన పెద్ద కుక్కను తెచ్చుకోవడం వీటన్నిటికంటే మంచి పని, 1991 నుంచి ఈ ఊళ్ళో క్యూపా లాంటి జంతు సంరక్షణ సంస్థలు ఉన్నాయి.

మా అమ్మకు మాత్రం చిన్. కాళ్ళకు అడ్డం పడదు, గొలుసు లాగదు, ఒళ్ళో కూర్చోవడమే దాని పని. పడమటి ఎండ కొట్టే హాల్లోంచి అమ్మ కుర్చీని ఉత్తరం గదిలోకి మార్చాం. లిఫ్ట్‌లో కుక్కను తేవద్దని ఒకరిద్దరు అన్నారు. అలా ఆపకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది, ఆ సర్క్యులర్ కాపీ అసోసియేషన్‌కు ఇచ్చాను.

కబ్బన్ పార్కు పెద్దాయన చెప్పిన ఇంటికి పోయిన నెల వెళ్ళాం. తల్లి చిన్ నేరుగా వచ్చి అమ్మ చీర కుచ్చిళ్ళ దగ్గర కూర్చుంది. ఊపిరి తీస్తుంటే గురక లేదు, ముక్కు రంధ్రాలు తెరుచుకునే ఉన్నాయి. తండ్రి కుక్క డీఎన్ఏ రిపోర్టు ఇంకా రావాలి. అది చూశాకే అడ్వాన్స్ ఇస్తామని చెప్పి వచ్చాం. "రానీ, తొందరేముంది" అంది అమ్మ, మెట్లు దిగుతూ.