వీపీఎస్‌కి ఏడాది డబ్బు ముందే కట్టకండి, ముందు టాప్ కమాండ్‌లో ‘ఎస్‌టీ’ చూడండి

తక్కువ ధరకు వస్తోందని వీపీఎస్ (ఒక పెద్ద మెషీన్‌లో కొంత భాగాన్ని సర్వర్‌గా అద్దెకిచ్చేది) ప్లాన్‌కి ఏడాది డబ్బు ఒకేసారి కట్టబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. నేను కట్టి నష్టపోయాను.

మా బావగారికి గుంటూరులో పచ్చళ్ల వ్యాపారం ఉంది. ఆన్‌లైన్ ఆర్డర్ల సైట్ నేనే చూసుకుంటాను, వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్ (ఆన్‌లైన్ అమ్మకాల ప్లగిన్). కొత్త ఆవకాయ కోసం ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఆర్డర్లే మాకు ఆధారం. సరిగ్గా అప్పుడే సైట్ మొరాయించింది. పేమెంట్ పేజీ తెరుచుకోవడానికి అర నిమిషం పట్టేది. డబ్బు కట్టయింది, ఆర్డర్ కనబడటం లేదని జనం ఫోన్లు. బావగారు దుకాణం వదిలేసి రోజంతా వాళ్లకి సర్దిచెప్పుకుంటూ కూర్చున్నారు.

సర్వర్‌లో చూస్తే లోడ్ యావరేజ్, అంటే నడుస్తున్నవీ వరసలో ఉన్నవీ కలిపి పనుల సగటు సంఖ్య, 14. మాది రెండు కోర్ల ప్లాన్, అంటే 2 దాటిందంటే పనులు వరసలో నిలబడ్డట్టే. తప్పు మా వైపే ఉందనుకున్నాను. యాక్సెస్ లాగ్ (సైట్‌కి ఎవరెవరు వచ్చారో రాసుండే ఫైల్) తీస్తే వర్డ్‌ప్రెస్‌లోని ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఆర్‌పీసీ ఫైల్ మీద బాట్లు అదే పనిగా పడుతున్నాయి, వాటిని బ్లాక్ చేశాను. డేటాబేస్‌లో ఆలస్యమవుతున్న క్వెరీలు సరిచేశాను. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్ చిల్డ్రన్ (ఒకేసారి పేజీలు తయారుచేసే ప్రాసెస్‌లు) సంఖ్య తగ్గించాను. లోడ్ 11కి దిగి ఆగిపోయింది. హోస్టింగ్ కంపెనీ సపోర్ట్ వాళ్లని అడిగితే, “మీ ట్రాఫిక్ పెరిగింది సార్, నాలుగు కోర్ల ప్లాన్‌కి మారండి” అన్నారు. సీజన్ పోతుందన్న టెన్షన్‌లో మిగిలిన నెలలన్నిటికీ తేడా డబ్బు కట్టేశాను. మర్నాడు సాయంత్రం మళ్లీ అదే కథ.

అప్పుడు కనబడింది అసలు సంగతి. టాప్ కమాండ్ కొడితే సీపీయూ వరసలో అన్నిటికన్నా చివర ‘ఎస్‌టీ’ అని ఒక అంకె ఉంటుంది. మనమందరం యూజర్ వాడకం, డిస్క్ వెయిటింగ్ చూసి వదిలేస్తాం. నాకు యూజర్ 20 శాతం, డిస్క్ వెయిటింగ్ 2 శాతం, ఎస్‌టీ 48 శాతం! ఎస్‌టీ అంటే స్టీల్. మన వర్చువల్ సీపీయూకి పని ఉన్నా, అసలు మెషీన్ ఆ సమయాన్ని దాని మీదే ఉన్న పక్కవాళ్ల సర్వర్లకి ఇచ్చేసిందని అర్థం. ఒకే కల్యాణ మండపాన్ని ఒకే ముహూర్తానికి నలుగురికి అద్దెకిచ్చినట్టు అన్నమాట.

మోసపోయేది ఎక్కడంటే, లైనక్స్ లోడ్ లెక్కలో సీపీయూ కోసం ఎదురుచూసే ప్రాసెస్‌లు కూడా కలుస్తాయి. సీపీయూ అందక మన పనులు నెమ్మదిస్తే కొత్త రిక్వెస్టులు వెనక పోగవుతాయి, లోడ్ అంకె పెరుగుతుంది. చూసేవాళ్లకి తప్పంతా మన సైట్‌దే అనిపిస్తుంది. హోస్టింగ్ వాళ్లు అప్‌గ్రేడ్ అమ్మేది ఈ అంకె చూపించే. తెల్లవారుజామున 3 గంటలకి నేనే సైట్ మీద టెస్ట్ లోడ్ పెట్టి చూస్తే ఎస్‌టీ 2 శాతం, పేజీలు చకచకా వచ్చాయి. రాత్రి 8కి మళ్లీ 40 పైన.

అందుకే ముందు ఒక నెలకే తీసుకోండి. మొదటి రెండు మూడు రోజులు రాత్రి 8 నుంచి 10 దాకా, సర్వర్‌కి కాస్త పని పెట్టి, వీఎమ్‌స్టాట్ కమాండ్‌లో ఎస్‌టీ కాలమ్ చూడండి. పని లేకుండా ఖాళీగా ఉన్న సర్వర్‌లో స్టీల్ పెద్దగా కనబడదు. అప్పుడప్పుడు ఒకటి రెండు శాతం ఉంటే పట్టించుకోనక్కర్లేదు. గంటల తరబడి 10 దాటి ఉంటే నేనైతే ఆ ప్లాన్ వదిలేస్తాను. అమెజాన్ టీ2 లాంటి క్రెడిట్ల పద్ధతి ప్లాన్లలో (సీపీయూ వాడకానికి కోటా ఉండేవి) క్రెడిట్లు అయిపోయినా ఎస్‌టీ పెరుగుతుంది. అది వాళ్లు ముందే చెప్పే షరతు, దాన్ని మోసం అనకూడదు. సర్వర్ లెక్కలు రాసిపెట్టే సిస్‌స్టాట్ ప్యాకేజీ మాత్రం మొదటిరోజే పెట్టుకుని, రికార్డింగ్ ఆన్ చేసుకోండి, ఏ గంటకి ఎంత స్టీల్ ఉందో రికార్డు మీ దగ్గరే ఉంటుంది.

నా సర్వర్ స్టీల్ రికార్డంతా పాత హోస్టింగ్ వాళ్లకి పంపి, వేరే మెషీన్‌కి మార్చమని అడిగాను. కుదరదన్నారు. ఏడు రోజుల రీఫండ్ కొత్తగా కొన్నవాళ్లకేనట, అప్‌గ్రేడ్‌కి వర్తించదట. ఆ మాట డబ్బు కట్టే పేజీలో ఎక్కడా లేదు, షరతుల పేజీలో అడుగున ఉంది.

ఇప్పుడు వేరేచోట నెలకి ఇంత అని కడుతూ, డెడికేటెడ్ సీపీయూ (ఇంకెవరితోనూ పంచుకోనిది) ఉన్న రెండు కోర్ల ప్లాన్‌లో ఉన్నాం. అదే సైట్, అవే ఆర్డర్లు, లోడ్ 1 దాటడం లేదు. పాత చోట ఏడు నెలల డబ్బు ఇరుక్కుపోయింది. వాళ్ల దగ్గర పెట్టిన ఫిర్యాదు టికెట్ ఇంకా నడుస్తోంది, ఏదైనా తేలితే ఇక్కడే రాస్తాను.