అడిస్ అబాబా ప్రయాణం: మెస్కెల్‌కు వెళ్లాలా, తిమ్కత్‌కు వెళ్లాలా?

ఇథియోపియా రాజధానిని పండగ పూట చూడాలనుకుంటే రెండు అవకాశాలున్నాయి. మెస్కెల్ సెప్టెంబరు 27న, తిమ్కత్ జనవరి 19న. నాలుగేళ్లకోసారి రెండూ ఒక్కరోజు ఆలస్యంగా వస్తాయి. మొదటిది దసరా సెలవులకు దగ్గర్లో, రెండోది సంక్రాంతి వెళ్లిన నాలుగు రోజులకు. ఒక్కసారే వెళ్లే వీలుంటే నా మాట జనవరికే.

అలాగని మెస్కెల్‌ను తక్కువ చేయలేను. యేసు శిలువ దొరికిన సందర్భంగా జరిపే పండగ అది. ముందురోజు సాయంత్రం మెస్కెల్ స్క్వేర్‌లో మన భోగిమంటకు ఎన్నో రెట్లు పెద్దదైన దెమెరా వెలిగిస్తారు. నడుమ నిలబెట్టిన స్తంభం ఏ దిక్కుకు కూలుతుందో చూసి రాబోయే రోజుల గురించి శకునం చెప్పుకుంటారు. ఆ బూడిదతో నుదుట శిలువ గుర్తు పెట్టుకుంటారు. మన దగ్గర తంగేడు పూసే ఆ రోజుల్లోనే అక్కడ అదెయ్ అబెబా పసుపుపచ్చగా విరబూస్తుంది. చిక్కల్లా వానలతోనే. జూన్‌లో పట్టిన ముసురు అప్పటికి పూర్తిగా వదలదు.

జనవరిలో ఆ బెంగ ఉండదు. తిమ్కత్ యేసు బాప్తిస్మం పొందిన సందర్భంగా జరిపే పండగ. తిమ్కత్ ముందురోజు, పది ఆజ్ఞలున్న మోషే పలకలకు ప్రతీకలైన తాబోత్‌లను జరీ బట్టల్లో చుట్టి, మతగురువులు తలపై పెట్టుకుని, రంగురంగుల గొడుగుల కింద జాన్ మేడా మైదానానికి బయలుదేరతారు. వారి ముందు కుర్రాళ్లు ఎర్ర తివాచీ పరుస్తారు. గురువులు దాటగానే వెనక భాగాన్ని చుట్టి, భుజానికెత్తుకుని, పరుగున ముందుకు వచ్చి మళ్లీ పరుస్తారు. దారి పొడవునా ఇదే. ఆ పరుగుల్లోని భక్తిని చూడటానికైనా వెళ్లాలి. మర్నాడు ఉదయం దీవించిన నీళ్లు జనం మీద చల్లుతారు.

ఊరేగింపు వేళ అడిగేటప్పుడు జాగ్రత్త. అక్కడి గడియారం ఉదయం ఆరుకు మొదలవుతుంది. వాళ్లు పగటిపూట ఎనిమిది అంటే మన లెక్కలో మధ్యాహ్నం రెండు. నగరం 2,300 మీటర్లకు పైనే ఉంది కాబట్టి పగలు ఎండ కాసినా రాత్రి స్వెటర్ తప్పదు. మొదటిరోజు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఎంతోతో కొండను చివరికి ఉంచుకోండి.

శాకాహారులకు బుధ, శుక్రవారాలు మేలు. అవి మాంసం, పాలు ముట్టని ఉపవాస దినాలు. పెద్ద దోసెలాంటి ఇంజెరా మీద పప్పులు, కూరలు వడ్డించిన బెయాయ్‌నెతు సులువుగా దొరుకుతుంది.

ఎల్లో ఫీవర్ టీకా మాత్రం మరవకండి. ఆ ధ్రువపత్రం లేకుండా ఇథియోపియా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. వేయించుకున్న పది రోజులకు గానీ అది చెల్లదు. అందుకే సంక్రాంతికి ఊరెళ్లే హడావిడి మొదలవకముందే, డిసెంబరులోనే ఆ పని ముగించండి.