ఇజ్వీ దీవిలో నాలుగు రోజులు: హావు పల్లెల పరిచయం

“ఎవరిని చూడటానికి?”

తూర్పు కాంగోలోని గోమా రేవులో ఎక్కిన చెక్క పడవలో, ఒడిలో రెండు కోళ్లు పెట్టుకుని నా పక్కన కూర్చున్న పెద్దావిడ అడిగిన మొదటి మాట అది. ఇజ్వీ దీవి చూడటానికి వెళ్తున్నామని నా వెంట వచ్చిన కుర్రాడు స్వాహిలీలో చెప్పాడు. ఆవిడకు ఆ జవాబు అర్థం కాలేదు. మళ్లీ అదే అడిగింది. నా దగ్గర చెప్పడానికి ఏ పేరూ లేదు.

అది 2018 జూన్. రువాండా రాజధాని కిగాలీలో ఉద్యోగం చేస్తున్న రోజులు. కివూ సరస్సును రువాండా ఒడ్డు నుంచి చాలాసార్లు చూశాను. దాని నడుమ కొండలా లేచి కనిపించే ఇజ్వీ మాత్రం కాంగోది. 1910లో ఐరోపా పాలకులు గీసుకున్న గీత దాన్ని అటువైపు వేసింది. ఆఫ్రికా సరస్సుల్లోని దీవుల్లో విక్టోరియా సరస్సులోని ఉకెరెవే తర్వాత పెద్దది ఇదే. ఇక్కడి జనంలో ఎక్కువమంది హావు తెగవాళ్లు. సరస్సు పడమటి ఒడ్డున కలెహే వైపు కూడా వాళ్ల ఊళ్లున్నాయి. ఇంట్లో మాట్లాడేది కిహావు, బయటివాళ్లతో స్వాహిలీ, బడిలో ఫ్రెంచి.

ప్రయాణం గురించి నిర్మొహమాటంగా చెబుతాను. చెక్క పడవ చవక, కానీ మా పడవలో లైఫ్ జాకెట్లు సగం మందికి కూడా సరిపోలేదు. మధ్యాహ్నం గాలి లేచాక అలలు అంచు దాటి లోపలికి వచ్చాయి. తిరుగు ప్రయాణంలో మూడు రెట్లు డబ్బిచ్చి, పొద్దున్నే బయలుదేరే వేగపు పడవ ఎక్కాను. అందుకు ఒక్క క్షణం కూడా విచారించలేదు. డాలర్లు కొత్తవి పట్టుకెళ్లాలి. అంచు చిరిగిన నోటు అక్కడ చెల్లదు. పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా కార్డు, వీసా నకళ్లు చేతికందేలా ఉంచుకోవాలి. దిగిన చోట ఒక కార్యాలయంలో రెండు గంటలు కూర్చోబెట్టి ఏదో రుసుము అడిగారు. రసీదు ఇమ్మన్నాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మొదటి రాత్రి ఒడ్డునే ఉన్న ఒక లాడ్జిలో దిగాను. సరస్సు కనిపించే వరండా బాగుంది. చెప్పిన జనరేటరు మాత్రం వెలగలేదు, చెప్పిన చేపా రాలేదు. దీవికి కరెంటు లైన్లు లేవని తెలిసే వెళ్లాను కాబట్టి చీకటికి బాధపడలేదు. లేనిదాన్ని ఉందని చెప్పి డబ్బు తీసుకోవడమే నచ్చలేదు. మర్నాడే చర్చి వాళ్ల అతిథి గృహానికి మారాను. అద్దె సగం కంటే తక్కువ. ఉతికిన దుప్పటి, చిల్లుల్లేని దోమతెర, పొద్దున్నే ఒక బకెట్టు వేడినీళ్లు. నాకైతే అంతకంటే అవసరం రాలేదు. అక్కడి వంటావిడ ద్వారానే కొండ మీద ఒక హావు కుటుంబం పరిచయమై, మిగతా రెండు రాత్రులూ వాళ్లింట్లో గడిచాయి.

ఆ ఇంటి దినచర్య కోడి కూతతో మొదలయ్యేది. ఆడవాళ్లు పలుగూ బుట్టా తీసుకుని వాలు చేలల్లోకి దిగేవారు. అరటి తోటల కింద చిక్కుళ్లు, పక్కన కర్రపెండలం, ఆపైన కాఫీ మొక్కలు, అక్కడక్కడా అనాస. సాగుకు దొరికే భూమి తక్కువ, తినే నోళ్లు ఎక్కువ. కూలిపనీ నీళ్లు మోయడమూ ఆడవాళ్ల మీదే ఎక్కువగా పడుతున్నాయన్నది నాలుగు రోజుల్లోనే కనిపించింది. భోజనానికి కర్రపెండలం పిండితో చేసిన బుగాలి, దంచి ఉడికించిన కర్రపెండలం ఆకు సోంబే, వేయించిన సంబాజా చేపలు. సంగటి తినే చేతికి బుగాలి కొత్త కాదు. ముద్ద చేసి, బొటనవేలితో గుంట పెట్టి, ఆకుకూర అద్దుకున్నాను. ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటూ నవ్వారు. సంబాజా మన నెత్తళ్లంత ఉంటుంది. అది ఈ సరస్సులో పుట్టింది కాదు. 1950ల చివర్లో టాంగన్యీకా సరస్సు నుంచి తెచ్చి వదిలారు. ఇప్పుడు ఆ చేప లేని సంత లేదు.

కాఫీ సంగతి మాత్రం ఆ ఇంటి పెద్దాయన గొంతు తగ్గించి చెప్పారు. ఇక్కడ ధర పలకని రోజుల్లో మగవాళ్లు రాత్రిళ్లు బస్తాలు వేసుకుని దొంగచాటుగా రువాండా ఒడ్డుకు తెడ్లు వేసేవారు. తిరిగి రానివాళ్లు చాలామంది. వాళ్ల భార్యలు ఇప్పుడు సహకార సంఘంలో సభ్యులు. పండు కడిగి ఆరబెట్టే కేంద్రం దీవిలోనే వచ్చాక ఆ ప్రయాణాలు తగ్గాయి. ఆ కేంద్రానికి తప్పకుండా వెళ్లండి. బల్లల మీద ఆరుతున్న గింజల్లో చెడ్డవాటిని ఏరుతూ ఆడవాళ్లు పాడుకుంటారు. కాఫీ పొట్లం కొనేది ఉంటే అక్కడే కొనండి.

ఆదివారం చర్చిలో మూడు గంటలు నిలబడే ఉన్నాను. డప్పులు, చప్పట్లు, స్వాహిలీ పాటలు. దీవి జనంలో చాలామంది క్రైస్తవులే. అయినా పాత విశ్వాసం మాటల్లో బతికే ఉంది. అడవిదున్న కొమ్ముకు బలైన వేటగాడు ర్యాంగోంబే, చనిపోయాక ఆత్మలకు నాయకుడయ్యాడన్న కథను పెద్దాయన రాత్రి నిప్పు దగ్గర చెప్పారు. రువాండాలోనూ అదే వీరుణ్ని కొలిచేవారు. సరిహద్దు గీత దేవుళ్లకు అడ్డం రాలేదు.

అంతకంటే నన్ను పట్టుకున్నది ముగనూరో. అది రాజు సమక్షంలో జరిగే కొత్త పంట పండుగ. రాజును అక్కడ మ్వామీ అంటారు. కొత్త ధాన్యం ముందుగా ఆయన ముట్టాలి. కానీ ఆయన ఒక్కడితో పండుగ కాదు. వేర్వేరు వంశాల పెద్దలు తమ తమ క్రతువు నెరవేర్చాలి. రాజు జనాన్ని ఏలుతున్నాడనుకుంటాం గానీ, ఏటేటా ఆయన్ను రాజుగా నిలబెట్టేది ఆ వంశాలే అని నాకు అర్థమైంది. సంక్రాంతికి కొత్త బియ్యంతో పొంగలి వండే ఇంట్లో పుట్టినవాణ్ని. ఆ మాట చెబితే, మీ దగ్గర మొదటి ముద్ద ఎవరు తింటారని పెద్దాయన అడిగారు. సూర్యుడికి పెడతామన్నాను. ఆయన చాలాసేపు తల ఊపారు.

ఒక బాధ కూడా దాచకూడదు. దీవిలో అందరికంటే ముందునుంచీ ఉన్నవాళ్లుగా చెప్పుకునే బట్వా తెగవాళ్లకు ఇప్పుడు సాగుకు నేల లేదు. అడవి తరిగిపోయింది. వాళ్ల గుడిసెల వైపు ఫొటోల కోసం తీసుకెళ్తామని అడిగేవారుంటారు. నేను వెళ్లలేదు. సంతలో వాళ్లు చేసిన కుండ ఒకటి కొన్నాను.

చుట్టూ యుద్ధాలు నడిచిన కాలంలో ఈ దీవి పారిపోయి వచ్చినవాళ్లకు నీడనిచ్చింది. కానీ దారులు దాని చేతిలో లేవు. సరస్సు ఒడ్డున ఉన్న నగరాల్లో 2025 జనవరిలో గోమా, ఫిబ్రవరిలో బుకావు ఎం23 అనే తిరుగుబాటు దళం చేతికి చిక్కాయి. అందుకే ఇప్పుడు బయలుదేరమని ఎవరికీ చెప్పను. దారులు కుదుటపడ్డాక వెళ్లేవారు కనీసం మూడు రాత్రులు కేటాయించుకోండి. ఒడ్డున కాక కొండ మీద ఉండండి.

చివరి రాత్రి కింద సరస్సు మీద దీపాలు వరుసగా వెలిగాయి. మూడేసి దోనెలను పొడవాటి కర్రలతో జతకట్టి, తెడ్ల లయకు పాడుతూ సంబాజా కోసం వెళ్తున్నారు. ఆ పాట కొండదాకా వినిపించింది. పొద్దున్నే పెద్దాయన రేవు దాకా నడిచి వచ్చారు. మళ్లీ వచ్చినప్పుడు ఎవరిని చూడటానికి అని పడవలో అడిగితే చెప్పమని, తన పేరు నాతో రెండుసార్లు పలికించారు.