సైన్స్ నియమాల పుస్తకం: జీవశాస్త్రానికి కొనవచ్చు, భౌతికశాస్త్రాన్ని సరిచూసుకొని చదవాలి

నల్గొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మే దుకాణాల్లో కొంతకాలంగా ఒక జనరల్ సైన్స్ పుస్తకం బాగా అమ్ముడుపోతున్నది. ముఖ్యమైన శాస్త్ర నియమాలు, సిద్ధాంతాలు, వాటిని ప్రతిపాదించినవారి పేర్లు, సంవత్సరాలు, నిత్యజీవిత అనువర్తనాలు మాత్రమే ఇందులో ఉన్నాయి. ధర 180 రూపాయలు. గ్రూప్-2 నుంచి రైల్వే గ్రూప్-డి వరకు అన్నింటికీ ఇదొక్కటే చాలునని అట్ట మీద ముద్రించారు. పదో తరగతి స్థాయిలో 25 జనరల్ సైన్స్ ప్రశ్నలు వచ్చే రైల్వే గ్రూప్-డి పరీక్షకు ఆ మాట కొంతవరకు నిజమే కావచ్చు గాని, రెండు మూడు వాక్యాలు ఇచ్చి వాటిలో ఏవి సరైనవో తేల్చమనే గ్రూప్-2 ప్రశ్నలకు మాత్రం ఇది చాలదు.

ముందుమాట తర్వాత వచ్చే మొదటి అధ్యాయంలోనే పెద్ద పొరపాటు ఉన్నది. సిద్ధాంతం ప్రయోగాల ద్వారా రుజువైతే నియమంగా మారుతుందని రచయిత రాశారు. ఇది చాలామంది నమ్మే మాటే అయినా సరైనది కాదు. ప్రకృతిలో ఒక విషయం ఏ క్రమంలో జరుగుతుందో నియమం చెబుతుంది. అలా ఎందుకు జరుగుతుందో సిద్ధాంతం వివరిస్తుంది. రెండు వస్తువుల మధ్య ఆకర్షణ బలం వాటి మధ్య దూరపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని 1687లో న్యూటన్ చెప్పినది నియమం. ఆ ఆకర్షణ ఎలా కలుగుతుందో స్థలకాలాల వక్రత ద్వారా వివరించిన ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షత 1915 నాటిది. దానికి ఎన్ని రుజువులు దొరికినా అది సిద్ధాంతంగానే ఉన్నది, దాని విలువ ఏమీ తగ్గలేదు.

భౌతికశాస్త్ర భాగంలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టినది నియమాల నుంచి షరతులను తొలగించడం. కంఠస్థం చేయడానికి సులువుగా ఉండాలని ప్రతి నియమాన్నీ ఒక్క పంక్తికి కుదించారు. వాయువు ఘనపరిమాణం పీడనానికి విలోమానుపాతంలో ఉంటుందనే బాయిల్ నియమంలో స్థిర ఉష్ణోగ్రత అన్న మాట లేదు. చార్లెస్ నియమంలో స్థిర పీడనం ఉన్నది గాని, ఘనపరిమాణం ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుందని మాత్రమే రాసి, పరమ ఉష్ణోగ్రత (కెల్విన్‌లలో కొలిచేది) అని చెప్పకుండా వదిలేశారు. దీని ఫలితం చిన్నది కాదు. స్థిర పీడనం వద్ద 27 డిగ్రీల సెల్సియస్‌లో ఉన్న వాయువు ఘనపరిమాణం రెట్టింపు కావాలంటే ఉష్ణోగ్రత ఎంత ఉండాలని అడిగితే, ఈ పుస్తకం మాత్రమే చదివిన అభ్యర్థి 54 అని గుర్తిస్తాడు. నిజానికి 27 డిగ్రీలంటే సుమారు 300 కెల్విన్. దానికి రెట్టింపు 600 కెల్విన్, అంటే 327 డిగ్రీల సెల్సియస్. ప్రశ్నపత్రం తయారు చేసేవారు 54ను కూడా ఐచ్ఛికాల్లో తప్పకుండా పెడతారు. ఓమ్ నియమానికీ ఇదే గతి పట్టింది. బల్బులోని ఫిలమెంటు వేడెక్కిన కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది కనుక అక్కడ విద్యుత్ ప్రవాహం వోల్టేజికి అనులోమానుపాతంలో ఉండదన్న సంగతి పుస్తకంలో ఎక్కడా లేదు.

న్యూటన్ మూడో నియమానికి ఇచ్చిన బొమ్మ ఇంకా తప్పుదారి పట్టిస్తుంది. బల్ల మీద పెట్టిన పుస్తకం భారాన్ని చర్యగా, బల్ల పైకి నెట్టే బలాన్ని ప్రతిచర్యగా చూపించారు. ఆ రెండు బలాలూ ఒకే వస్తువు మీద పనిచేస్తున్నాయి. చర్యాప్రతిచర్యలు ఎప్పుడూ వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి. భూమి పుస్తకాన్ని లాగడం చర్య అయితే, పుస్తకం భూమిని లాగడమే దాని ప్రతిచర్య.

ఇంత చెప్పిన తర్వాత జీవశాస్త్ర భాగానికి వస్తే, అది వేరొకరు రాసినట్లుగా అనిపించేంత జాగ్రత్తగా ఉన్నది. మెండల్ సూత్రాలు 1866లో ప్రచురితమైనా 1900 వరకు ఎవరూ పట్టించుకోలేదని చెప్పడంతో ఆగకుండా, ఒకే క్రోమోజోము మీద దగ్గర దగ్గరగా ఉన్న జన్యువులకు స్వతంత్ర వ్యూహన సూత్రం (వేర్వేరు లక్షణాల జన్యువులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా సంతతికి చేరతాయనేది) వర్తించదని స్పష్టంగా రాశారు. ష్లైడన్, ష్వాన్ 1838, 1839లలో ప్రతిపాదించిన కణ సిద్ధాంతానికి 1855లో విర్కో చేర్చిన అంశం ఏమిటో, వైరస్‌లు దానికి ఎందుకు మినహాయింపో కూడా వివరించారు. ఈ నలభై పేజీల కోసమే పుస్తకం కొన్నా నష్టం లేదు.

శాస్త్రవేత్తల పట్టిక మధ్యస్థంగా ఉన్నది. ఫిబ్రవరి 28 రామన్ పుట్టినరోజు కాదని, 1928లో రామన్ ఫలితాన్ని కనుగొన్న రోజని ప్రత్యేకంగా హెచ్చరించిన పట్టికే, ఐన్‌స్టీన్‌కు సాపేక్ష సిద్ధాంతానికి నోబెల్ వచ్చిందని రాసింది. 1921 సంవత్సరానికి ఆయనకు దక్కిన బహుమతి ప్రధానంగా కాంతి విద్యుత్ ఫలితానికి (కాంతి పడినప్పుడు లోహం నుంచి ఎలక్ట్రాన్లు వెలువడడం) సంబంధించిన నియమానికి.

అనువర్తనాలన్నీ ఎక్కడివో పాత ఉదాహరణలు. మన జిల్లాలోనే నాగార్జునసాగర్ ఉండగా ఆనకట్ట అడుగు భాగం ఎందుకు వెడల్పుగా ఉంటుందో చెప్పడానికి ఊరూ పేరూ లేని బొమ్మ గీయవలసిన అవసరం లేదు. అక్కడి ప్రధాన విద్యుత్ కేంద్రంలోని ఎనిమిది యూనిట్లలో ఏడు రివర్సిబుల్ యూనిట్లు. విద్యుత్ మిగులుగా ఉన్న వేళ అవే నీటిని తిరిగి జలాశయంలోకి ఎత్తిపోయగలవు. ఎత్తిపోతకు ఖర్చయ్యే విద్యుత్తు తిరిగి వచ్చే విద్యుత్తు కన్నా ఎక్కువే, కానీ ఆ తేడా ఘర్షణ వంటి కారణాల వల్ల చాలావరకు వేడిగా మారుతుంది గాని మాయం కాదు. శక్తి నిత్యత్వ నియమానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంటుంది? పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో తాగునీటిలోని ఫ్లోరైడును తగ్గించే నల్గొండ టెక్నిక్ నియమం కాదు కనుక, రసాయన భాగంలో అది లేకపోవడాన్ని తప్పు పట్టలేను. అయినా వెలితిగానే ఉన్నది.

ముద్రణ, కాగితం ధరకు తగ్గట్లుగా ఉన్నాయి. కొనేవారు భౌతికశాస్త్ర భాగాన్ని 8, 9, 10 తరగతుల ప్రభుత్వ పాఠ్యపుస్తకాలను పక్కన పెట్టుకొని చదువుతూ, ప్రతి నియమం పక్కన దాని షరతును పెన్సిలుతో రాసుకోవాలి. అధ్యాయాల చివరి అభ్యాస ప్రశ్నల్లో చాలావరకు ఏ నియమం ఎవరిదన్నంత వరకే అడుగుతాయి కనుక, వాటికి బదులుగా పాత ప్రశ్నపత్రాలను సాధన చేయడం మేలు.