జాన్ స్మిత్ మ్యాపు కోసం వాషింగ్టన్, జేమ్స్‌టౌన్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

జేమ్స్‌టౌన్ దారిలో ఓ పాతవస్తువుల షాపులో, అమెరికాలో ఇంగ్లిషువాళ్ల తొలి శాశ్వత వలసైన ఆ ఊరి నాయకుల్లో ఒకడు జాన్ స్మిత్ వేసిన వర్జీనియా మ్యాపుకి "1612 నాటి ఒరిజినల్" అని 240 డాలర్లు చెప్పారు. పచ్చి మోసం. ఆ ధరకి అసలుది దొరకదు. పదింతలు చూపే భూతద్దం పెట్టగానే రంగు చుక్కలు బయటపడ్డాయి, అంటే ఈ కాలపు యంత్రం మీద అచ్చేసిన ఆఫ్‌సెట్ ప్రింటు. రేకు మీద గీతలు చెక్కి అచ్చేసే పాత రాగిరేకు ముద్రణలో అలాంటి రంగు చుక్కలుండవు, ప్రతి గీతా నిండు సిరాతో ఉంటుంది. రేకు అంచు కాగితంలోకి దిగిన నొక్కు చుట్టూ కనిపించాలి. అయితే అంచులు కత్తిరించిన ప్రతుల్లో అది పోతుంది, అదొక్కటే చూసి తేల్చకూడదు. వెలుతురుకి ఎత్తి పడితే చేతితో చేసిన కాగితంలో సన్నటి వరస గీతలు తేలతాయి. షాపులోది అంతా ఒకే రకం గోధుమరంగు, టీ నీళ్లలో ముంచినట్టు!

ఆ కోపమంతా వాషింగ్టన్‌లో చల్లారింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మ్యాపుల గది మాడిసన్ భవనం బేస్‌మెంట్‌లో ఉంది. 16 ఏళ్లు నిండి, పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో ఉంటే రీడర్ కార్డు ఉచితం. యాష్‌బర్న్ వైపు ఉండే మనవాళ్లకి సిల్వర్ లైన్ మెట్రో నేరుగా క్యాపిటల్ సౌత్‌లో దింపుతుంది. పెన్ను, బ్యాగు లోపలికి రానివ్వరు, పెన్సిలే. ఏ మ్యాపు కావాలో ముందే రాసి అడగండి. బాగా పాడైపోయే స్థితిలో ఉన్నవాటికి బదులు స్కాన్ చూపించొచ్చు.

స్మిత్ మ్యాపులో పడమర పైకి ఉంటుంది, ఉత్తరం కుడివైపు. సముద్రం మీంచి వచ్చేవాడికి నేల ఎదురయ్యే తీరు అది. అందుకే చెసపీక్ అఖాతం కింద అడ్డంగా పరుచుకుని, నదులు పైకి ఎక్కుతాయి. ఆ నదుల మీద చిన్న శిలువ గుర్తులు వెతకండి: అక్కడిదాకా స్మిత్ బృందం స్వయంగా చూసింది, ఆపైదంతా స్థానిక తెగలు చెప్పింది. అంతవరకూ విసుక్కున్న పిల్లలు ఆ గుర్తులు లెక్కపెట్టడం మొదలెట్టాక కదల్లేదు, వదిన కూడా గడియారం చూడ్డం మానేసింది. ఎడమ పైమూల పొగ మధ్య కూర్చున్న స్థానిక తెగల పెద్ద పౌహటన్, కుడివైపు సస్కెహానక్ తెగ వీరుడు. అగస్టీన్ హెర్మాన్ 1673 మ్యాపు కూడా పడమరనే పైకి పెట్టింది. రెండూ పక్కపక్కన చూస్తే అరవై ఏళ్లలో ఒడ్డు వెంట వలసవాళ్ల తోటలెంత నిండాయో తెలుస్తుంది.

జేమ్స్‌టౌన్ పేరుతో రెండున్నాయి, జాగ్రత్త. ఓడల నమూనాలున్నది సెటిల్‌మెంట్ మ్యూజియం. అసలు కోట తవ్వకాలు హిస్టారిక్ జేమ్స్‌టౌన్‌లో. అక్కడ నేషనల్ పార్కు పాస్ సగానికే చెల్లుతుంది, మిగతా టికెట్ కొనాల్సిందే. సమయం తక్కువైతే కోటకే వెళ్లండి. జేమ్స్ నది దాటే ఫెర్రీ మాత్రం కారుతో సహా ఉచితం.

ఇంటికి మ్యాపు కావాలంటే లైబ్రరీ సైట్‌లోని పెద్ద టిఫ్ ఫైలు (వివరాలు చెడని బొమ్మ ఫైలు) ఉచితంగా దించుకుని, మెరుపులేని మందపాటి కాగితం మీద ప్రింటు తీయించండి. మెరుపు కాగితం మీద సన్నగీతలు అద్దంలా తళతళలాడి చదవలేం.