ఎర్రటోపీ: రొయ్యల చెరువు గట్టు మీద ఏడాది వాడకం

ఈ టోపీ నేను కొన్నది కాదండి, ముందే చెప్పేస్తున్నాను. 2025 సంక్రాంతికి మా తోడల్లుడి కొడుకు డల్లాస్ నుంచి తెచ్చి నా నెత్తిన పెట్టాడు. "బాబాయ్, ఎండలో తిరుగుతావు కదా, ఉంచుకో. అక్కడిప్పుడు ఇదే ట్రెండు" అన్నాడు. ఎర్రగుడ్డ, ముందు భాగంలో తెల్లదారంతో నాలుగు మాటలు: మేక్ అమెరికా గ్రేట్ అగైన్. ట్రంప్ గారి నినాదం. తెలుగులో టోపీ పెట్టడానికి ఇంకో అర్థం ఉందని మావాడికి తట్టలేదు. నాకు తట్టింది గానీ పండగపూట ఎందుకులే అని ఊరుకున్నాను.

నాది పశ్చిమగోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర ఎనిమిదెకరాల వెనామీ రొయ్యల సాగు. ఎప్పుడో భీమవరంలో బీఏ హిస్టరీ చదివి, ఆ చదువుకి ఎవరూ ఉద్యోగం ఇవ్వకపోతే రొయ్యల్లో దిగాను. కరెంటు పోతే నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయి, తెల్లారేసరికి చెరువంతా చచ్చి తేలుతుంది. అందుకని రాత్రిళ్లు గట్టు మీది మకాంలో మెలకువగా కూర్చుంటాను. చేతిలో ఫోను ఉంటుంది, చదువుతాను. ఈ రాతలో చరిత్ర ఎక్కువైందనిపిస్తే తప్పు నాది కాదు, కరెంటోళ్లది.

సరే, సరుకు సంగతి. గుడ్డ పలచన. అట్ట గట్టిగానే ఉంది. ముందుకి చూరులా పొడుచుకొచ్చి ముక్కుకి నీడ ఇస్తుంది. చెవులూ మెడా మాత్రం మాడిపోతాయి. మన తువ్వాలు తలకి చుట్టుకుంటే మూడూ దక్కుతాయి, చెమటా తుడుచుకోవచ్చు. రెండో ఉతుక్కే రంగు దిగింది. మా ఆవిడ చూసుకోకుండా నా తెల్లపంచెతో కలిపి నానబెట్టింది. "ఏవండీ, ఈ పంచె కట్టుకుని బజారుకెళ్లకండి, ఎర్రజెండాలో చేరారనుకుంటారు" అంది. ఆ టోపీ కుట్టించినాయన వింటే గుండాగిపోయే మాట.

లోపల చీటీ చూశాను. మేడ్ ఇన్ చైనా. ట్రంప్ ప్రచారం వాళ్లు అమ్మేది అమెరికాలోనే కుట్టిస్తారట, ఇది రోడ్డు పక్క బండి మీద కొన్న నకలు. పైమాట కూడా కొత్తది కాదు లెండి, 1980 ఎన్నికల్లో రీగన్ గారు వాడిందే.

నాకు అసలు పేచీ ఆ చివరి మాటతో. 'అగైన్' అంటే మళ్లీ. మళ్లీ అంటే ఎప్పట్లాగా? ఫీడు బస్తా మీద తయారీ తేదీ ఉంటుంది, మందు డబ్బా మీద ఉంటుంది, దీని మీద లేదు. వెతకడానికి రాత్రిళ్లు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి వెతికాను. 1790లో చట్టం చేశారు, పౌరసత్వం 'స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్ల'కే అని. 1882లో చైనా కూలీలకి తలుపు మూశారు. 1917లో మనతో కలిపి ఆసియా దాదాపు మొత్తానికీ మూశారు. 1946లో మనకి సన్నగా తెరిచారు, ఏడాదికి వందమంది. మా ఊరి నుంచి తిరుపతికి రెండు బస్సులు కట్టుకుంటే అంతే మందిమి. మావాడి లాంటి వాళ్లకి తలుపు బారుగా తీసింది 1965లో. 1965కి ముందు ఏ సంవత్సరానికి 'మళ్లీ' వెళ్లినా డల్లాసులో మావాడు ఉండడు. అదే వాడికి ఫోనులో చెప్పాను. "బాబాయ్, నువ్వు మరీ లోతుగా ఆలోచిస్తావు, అది ఇల్లీగల్ వాళ్ల గురించి" అన్నాడు. వాడిది హెచ్‌వన్‌బీ, ఉద్యోగ వీసా. ఓటు లేదు, టోపీ ఉంది.

వాడు పండగ చేసుకుని వెళ్లాడో లేదో, జనవరి 20న ట్రంప్ కుర్చీ ఎక్కాడు, ఎక్కిన రోజే ఒక సంతకం. వీసా మీద ఉన్నవాళ్లకి అక్కడ పుట్టే పిల్లలకి పౌరసత్వం ఉండదని. చైనా దంపతులకి శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఒక కుర్రాడి కేసులో, అక్కడ పుట్టాడు కాబట్టి అక్కడివాడే అని వాళ్ల సుప్రీంకోర్టే 1898లో తేల్చిన విషయం ఇది. మావాడి భార్యకి అప్పుడు ఏడో నెల. కోర్టులు అడ్డం పడ్డాయి కాబట్టి సరిపోయింది గానీ, ఆ నెలంతా మా తోడల్లుడు అన్నం సరిగ్గా తినలేదు. సంతకం పెట్టినాయన తల్లి స్కాట్లాండులో పుట్టింది. తాత జర్మనీ వాడు, సైన్యంలో పని ఎగ్గొట్టాడని 1905లో బవేరియా వాళ్లు ఆ తాతని దేశంలో ఉండనివ్వకుండా పంపేశారు. బహిష్కరణ ఆ ఇంటికి వంశపారంపర్యం, ఇప్పుడు చేతులు మారిందంతే.

ఇక ఆగస్టు. నా టోపీ నన్నే కొట్టిన నెల. మన రొయ్యకి అన్నిటికంటే పెద్ద గిరాకీ అమెరికాదే, మీకు తెలిసిందే. ముందు 25 శాతం సుంకం, ఆగస్టు 27 నుంచి మరో 25. మరీ చవగ్గా అమ్ముతున్నామని వేసిన పాత డంపింగు సుంకాలు దానికి అదనం. నేను సరిగ్గా ఆ వారమే రొయ్యల పట్టుబడి పెట్టుకున్నాను. ట్రేడరు ఫోను ఎత్తడు, ఎత్తితే రేటు చెప్పడు, చెప్పింది మళ్లీ మాట్లాడేసరికి ఉండదు. చివరికి వంద కౌంటు, అంటే కిలోకి వంద తూగే సైజు మీద కిలోకి ముప్పై రూపాయలు కోశాడు. లెక్క రాసుకుంటుంటే పక్క చెరువు రాజుగారు గట్టు మీదకొచ్చి నా నెత్తికేసి చూశారు. "ఏవండోయ్, మనకి టోపీ పెట్టినవాడి టోపీ మీరు పెట్టుకుని మరీ లెక్క చూసుకుంటున్నారా" అన్నారు. రెండు రోజులు ఆ టోపీ మేకుకే వేలాడింది.

రొయ్యకీ ఈ స్వదేశీ పిచ్చికీ పాత చుట్టరికం ఉందండి. వియత్నాం యుద్ధం అయ్యాక అక్కడి శరణార్థులు టెక్సాస్ తీరంలో రొయ్యల వేటలో దిగారు. వాళ్లు కష్టపడి ఎక్కువ పట్టేవారు. 1981లో, గాల్వెస్టన్ అఖాతం దగ్గర, కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి పిచ్చి ముఠా వాళ్లు మీటింగు పెట్టి ఒక పడవ తగలబెట్టి చూపించారు. తర్వాత తుపాకులు పట్టుకుని, ముసుగు అంగీలు వేసుకుని వియత్నాం వాళ్ల ఇళ్ల ముందు నుంచి పడవ తిప్పారు. రొయ్యల కోసం అండి! మా దగ్గర నీటి తూము దగ్గర గొడవలైతే బూతులు తిట్టుకుంటాం, మహా అయితే సర్పంచి దాకా పోతాం. వియత్నాం వాళ్లు కోర్టుకెక్కారు. ఇక చాలించమని క్లాన్‌కి ఉత్తర్వు ఇచ్చిన జడ్జి గాబ్రియెల్ మెక్‌డొనాల్డ్. ఆవిడ నల్లజాతి మహిళ. ఆ బెంచి ముందు వాళ్ల ముఖాలు ఎలా ఉన్నాయో చూడాలని నాకు మహా సరదా. క్లాన్ వాళ్ల టోపీ తెలుసు కదా, తెల్లగా, మొనదేలి, కళ్లకి రెండు చిల్లులు. మనవాళ్లు కుచ్చుటోపీ అన్న మాట ఎందుకు పుట్టించారో గానీ, ఆ బొమ్మ చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. నేను పెంచే వెనామీ ఎక్కడిదనుకున్నారు? మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. ట్రంప్ గారు అడ్డంగా గోడ కడతానన్న మెక్సికోయే! మన నేటివు టైగర్ రొయ్య, తెల్లమచ్చ తెగులు దెబ్బకి కుదేలైంది. 2009లో వెనామీకి అనుమతి ఇచ్చారు. తల్లి రొయ్యలు విమానంలో దిగితే చెన్నైలో కొన్నాళ్లు క్వారంటైను, రోగం లేదంటే పిల్లల్ని పుట్టించే హేచరీకి. అంతే దాని ఇంటర్వ్యూ. ఇవాళ భీమవరంలో సగం మేడలకి పునాది ఆ మెక్సికో వలస కూలీయే.

వడ్లూరు ముచ్చట చెప్పకపోతే ఈ జిల్లా వాడిగా నాకు ముద్ద దిగదు. తణుకు వైపు ఆ ఊరు అమెరికా ఉపాధ్యక్షుడు వాన్స్ గారి భార్య ఉష పూర్వీకులది. 2024లో ఆయన గెలవగానే అక్కడ సంబరాలు చేశారు. మన గోదావరి అల్లుడన్నారు. ఆవిడ చదువూ తెలివీ ఆవిడవి, నాకేం పేచీ లేదు. అల్లుడంటే మాత్రం మాకొక లెక్క ఉంది. సంక్రాంతికి వందల రకాలు వండి అరిటాకు సరిపోక టేబులంతా పరుస్తాం. అల్లుడుగారు ఆ ఎన్నికల్లో ఏం చేశారు? ఒహాయోలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో హైతీ నుంచి వచ్చినవాళ్లు పెంపుడు పిల్లుల్ని తినేస్తున్నారని పుకారు పట్టుకుని తిప్పారు. పెద్దాయన ట్రంప్ సెప్టెంబరు 10న డిబేట్‌లో కోట్లమంది ముందు "కుక్కల్ని తింటున్నారు" అన్నాడు. ఆ ఊరి అధికారులేమో అలాంటిదేమీ లేదు మొర్రో అన్నారు. మీడియా గమనించాలంటే కథలు పుట్టించాల్సి వస్తే పుట్టిస్తానని అల్లుడుగారు టీవీలోనే చెప్పారు. సరే, పరాయి ఊరి గొడవ అనుకుందాం. 2025 ఫిబ్రవరిలో, ప్రభుత్వ ఖర్చులు కోసే మస్క్ గారి డిపార్టుమెంటులో ఒక పాతికేళ్ల కుర్రాడు భారతీయుల మీద ద్వేషాన్ని మామూలు చేసేయాలని రాసిన పాత పోస్టులు బయటపడ్డాయి. కుర్రాడు రాజీనామా చేశాడు. పిచ్చి పోస్టులకి పిల్లాడి జీవితం పాడవకూడదు, వెనక్కి పిలవండి అన్నది ఎవరనుకున్నారు? మన అల్లుడుగారే. అత్తారింటి పూతరేకు నోట్లో ఉండగానే.

మావాడి 'ఇల్లీగల్' మాటకి నా దగ్గర ఒక పాత కేసుంది. భగత్ సింగ్ థింద్ అని పంజాబీ ఆయన, మొదటి యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. పౌరసత్వం తెల్లవాళ్లకే కదా, అయితే నేనూ ఆర్యుణ్ణి, పైకులం వాణ్ణి, తెల్లవాళ్ల లెక్కే అని వాదించాడు. మీరు నల్లవాళ్లని ఎలా చూస్తారో మేమూ ఇక్కడి ఆదిమజాతుల్ని అలాగే చూస్తాం అని కూడా ఆయన తరఫు కాగితాల్లో రాయించారు. సుప్రీంకోర్టు జడ్జీలంతా 1923లో ఒక్క మాటగా కొట్టేశారు. మామూలు తెల్లోడు నిన్ను చూసి తెల్లోడనుకోడు పో అన్నారు. ఈ కథ చెప్తే మావాడు నవ్వాడు. 2017లో కాన్సస్‌లో ఒక బారులో కూర్చున్న మన తెలుగు ఇంజనీరుని, నా దేశం నుంచి పొమ్మని అరిచి కాల్చేసినవాడు కూడా ముందు ఇల్లీగలా అనే అడిగాడురా, వీసా ఉన్నా ఆగలేదు అన్నాను. అప్పుడు నవ్వలేదు.

మా తాత బర్మాలోని రంగం వెళ్లినవాడు. రంగూన్ రేవులో మూటలు మోశాడు. అక్కడివాళ్లు మనవాళ్లని 'కొరంగీ' అనేవారు, మర్యాదకి కాదు. 1930 మేలో కొట్లాటలు జరిగి, తెలుగు కూలీల్ని దొరికినవాణ్ణి దొరికినట్టు నరుకుతుంటే, ధాన్యం కొట్లో రెండు రోజులు దాక్కుని ఓడెక్కి కాకినాడలో దిగాడు. ఎడం చెవి పైభాగం ఉండేది కాదు. చిన్నప్పుడు నేను ఆ చెవి పట్టుకునే ఆయన భుజం మీద ఊరేగేవాణ్ణి. మా పనులు లాక్కుంటున్నారన్నదే అక్కడి మాట. ఇప్పుడు నా చెరువు మీద ఒరిస్సా కుర్రాళ్లు నలుగురున్నారు. ఊళ్లో కాఫీ హోటలు దగ్గర ఇదే మాట, అక్షరం పొల్లుపోకుండా, తెలుగులో వింటాను. నేనేం తక్కువ తినలేదు. వాళ్లకి మకాం వెనక రేకుల షెడ్డే. ఫ్యాను వేయించమని మా ఆవిడ రెండేళ్లుగా పోరుతుంటే, ఈ టోపీ గురించి ఇదంతా రాయాలనుకున్నాక, మొన్న నవంబరులో వేయించాను.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌వన్‌బీకి లక్ష డాలర్లన్నారు. మావాడిది పాతది కాబట్టి తప్పించుకున్నాడు. అదే ధైర్యంతో డిసెంబరులో వీసా స్టాంపింగుకి వచ్చాడు. సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్ చేయాలి, చూసుకుంటాం అన్నారు. ఇంటర్వ్యూ మార్చికి తోశారు. భార్యా, పది నెలల పిల్లా డల్లాసులో. పిల్ల కోర్టుల పుణ్యమా అని అమెరికన్, తండ్రి మా ఇంట్లో. రాత్రి రెండింటికి వీడియోలో ఆఫీసు పని, పగలు నిద్ర.

మొన్న సాయంత్రం చెరువు మీదకొచ్చాడు. "బాబాయ్, ఆ టోపీ ఏదీ? పెట్టుకుని ఒక ఫోటో దిగి పెడతాను. పబ్లిక్ చేయమన్నారు కదా, పనికొస్తుందేమో."

మేకు ఖాళీగా ఉంది. అటు చూస్తే ఒరిస్సా కుర్రాళ్లలో చిన్నోడు నడుం లోతు నీళ్లలో మేత చూసే చెక్ ట్రే లేపుతున్నాడు. నెత్తిన ఎర్రటోపీ, అప్పటికి ఇటుకరంగైంది, వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు, మెడ కాలకుండా. నేనే ఇచ్చానట, నాకు గుర్తులేదు. మావాడు గట్టు మీద నిలబడి చెయ్యి చాపాడు. కుర్రాడు టోపీ తీసి ఇవ్వబోయి, లోపల చూసుకుని, "చెమట ఉంది అన్నా, ఉతికి రేపు ఇస్తా" అన్నాడు.