బెంజ్ సర్కిల్లో ఏడిపిస్తుంది, కాజ టోల్ దాటాక మురిపిస్తుంది

మొన్న మా బావమరిది ఒక సెకండ్‌హ్యాండ్ బండి ఫొటో పంపి "తీసుకోమంటారా బావా?" అన్నాడు. అచ్చం నా బండే. అదే టర్బో పెట్రోలు, అదే ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, ఎరుపు రంగుతో సహా. 2019లో కొన్న నాది ఇప్పటికి 81 వేల కిలోమీటర్లు తిరిగింది. వాడికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. కంపెనీ పేరు అనవసరం. డ్రై క్లచ్‌తో, అంటే ఆయిల్లో మునగని క్లచ్‌తో వచ్చే ఈ తరహా గేర్‌బాక్సు ఏ బండిలో ఉన్నా గుణం దాదాపు ఇదే.

కాజ టోల్ దాటి గుంటూరు వైపు హైవే మీద పడ్డాక దీన్ని తిట్టడానికి నోరు రాదు. లోపల రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి బేసి గేర్లకి, రెండోది సరి గేర్లకి. మూడో గేరులో పోతుండగానే నాలుగోది సిద్ధంగా కూర్చుని ఉంటుంది. గేరు మారిన సంగతి చెవికి తెలుస్తుంది గానీ ఒంటికి తెలీదు. లారీని దాటాలని కాలు నొక్కితే చాలు, అద్దంలో లారీ చిన్నదైపోతుంది. హైవే మీద లీటరుకు 17 ఇస్తుంది. ఊళ్ళో 9 దాటితే పండగే.

ఇక 2022 మే. మధ్యాహ్నం రెండింటికి పటమట నుంచి బెంజ్ సర్కిల్ వైపు వస్తున్నాను, పక్కన అమ్మ. ఫ్లైఓవర్ కింద నాలుగడుగులు కదలడం, ఆగడం. ఇరవై నిమిషాలు అలా గడిచాక బండి ఒక్కసారి ఎక్కిళ్ళు వచ్చినట్టు కుదిపింది. మీటరులో పానా గుర్తు వెలిగింది. పక్కకి తీద్దామంటే రివర్సు పడలేదు. నా బండిలో రివర్సు కూడా సరి గేర్ల క్లచ్ మీదే ఉంటుందట, అది పోతే ఇదీ పోయినట్టే. ఆటోవాళ్ళు ఇద్దరు దిగి తోశారు. "మీ నాన్న అంబాసిడర్ ఒక్కనాడన్నా రోడ్డు మీద దింపిందా" అని అమ్మ. దింపింది. తోసింది నేనే.

ఆటోనగర్‌లో ఏ లారీనైనా ఊడదీసి బిగించగలిగేవాళ్ళు దొరుకుతారు. తెలిసిన మేస్త్రి ఒకాయన బానెట్ ఎత్తి చూసి "దీనికి చెయ్యి కాదండి, కంప్యూటర్ పెట్టాలి" అని మూసేశాడు. సర్వీస్ సెంటర్లో 23 రోజులుంది. ఎస్టిమేట్ లక్షా అరవై వేలు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉండబట్టి బతికిపోయాను.

"మీ డ్రైవింగ్ తప్పండి" అన్నారు అక్కడ. కోపం వచ్చింది గానీ సగం నిజమే. డ్రై క్లచ్ ఆయిల్లో మునిగి ఉండదు, గాలికే చల్లబడాలి. బ్రేకు కొంచెం వదిలి బండిని పాకిస్తుంటే క్లచ్ సగమే పట్టి రాసుకుంటూ ఉంటుంది. మన మే నెల ఎండలో అది మాడక ఏం చేస్తుంది? అప్పట్నుంచి ముందు బండి బాగా కదిలిందాకా బ్రేకు మీద కాలు తియ్యను, పెద్ద సిగ్నల్ పడితే న్యూట్రల్‌లో వేస్తాను. ఆ తర్వాత 45 వేల కిలోమీటర్లు, మళ్ళీ పానా గుర్తు రాలేదు. కాకపోతే బెజవాడలో ముందు ఖాళీ వదిలితే అందులో రెండు ఆటోలు, ఒక స్కూటీ దూరతాయి. అది భరించాలి.

స్పీడ్‌బ్రేకర్లకి కింద గీసుకోవడం, వెనక సీట్లో ముగ్గురు ఇరుక్కోవడం లాంటివి చూడగానే తెలిసేవే.

మావాడుండేది గుంటూరు బ్రాడీపేట, ఆఫీసు మంగళగిరి. రోజూ హైవేనే, ఇంట్లో వాళ్ళావిడ స్కూటీ కూడా ఉంది. అందుకే వద్దనలేదు. బెజవాడ వన్‌టౌన్‌లో ఉండుంటే ఫొటో డిలీట్ చెయ్యమనేవాణ్ణి. వారంటీ ఇంకా ఉందా, వాడి పేరు మీదికి మారుతుందా కాగితం మీద చూడమన్నా. లేదంటే ధరలో లక్షన్నర తగ్గించాలి, ఆ డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. ఇంజను వేడెక్కాక, ఎత్తు మీద రివర్సు వేసి చూడాలి.

ఆదివారం సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్ దగ్గర టెస్ట్ డ్రైవ్ అడిగాం. అమ్మే ఆయన మాత్రం పొద్దున్నే ఆరింటికి రమ్మంటున్నాడు.